మొద్దాకు

కత్తిరించిన కొమ్మను పారేయడం చేతకాని ఇంట్లో పుట్టాను. కడియపులంకలో నర్సరీ వాళ్లలో ఎవరి చేతిలోనైనా మూడు కణుపులున్న కొమ్మ పెట్టి చూడండి. మీతో మాట్లాడుతూనే కింది ఆకులు గిల్లేస్తారు, ఏటవాలుగా ఓ కోత కోస్తారు, దగ్గర్లో మట్టి సంచి కనిపిస్తే అందులో గుచ్చేస్తారు. గుచ్చిన సంగతి తర్వాత అడిగితే వాళ్లకే గుర్తుండదు. మా అక్క భూలక్ష్మి అయితే పెళ్లికి వెళ్లి స్టేజీ అలంకరణలోంచి కూడా కొమ్మలు కొంగులో దాచి తెచ్చేది.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా అక్క ఎలా పోయిందని అడిగిన వాళ్లకి డాక్టర్లు పేగు పేరు చెప్పారు. నేను ఈ అలవాటు పేరు చెబుతాను.

నా పేరు నాగవేణి. ఆసుపత్రుల్లో చిన్న తోటలు వేయడం నా పని. నాకు పెళ్లి కుదరలేదు, నేను కుదుర్చుకోనూ లేదు. బావ పోయాక అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉన్నాం. నర్సరీ ఆమెది, తోటలు నావి. ఆసుపత్రి వాళ్లు తోటకని మంచి చోటు ఎప్పుడూ ఇవ్వరు. రెండు వార్డుల మధ్య ఏసీల నీళ్లు కారే సందో, లిఫ్టు పక్కన మిగిలిపోయిన మూలో ఇస్తారు. అందులోనే చక్రాల కుర్చీ తిరగడానికి ఐదడుగులు వదలాలి. సెలైన్ స్టాండు చక్రం ఇరుక్కోకుండా నాపరాళ్ల సందులు పూడ్చాలి. కుట్లున్నవాళ్లు పట్టుకుని లేవడానికి కడ్డీ పెట్టాలి. కొన్ని సంగతులు ఏ పుస్తకంలోనూ దొరకవు. మొదటి తోటలో బంతి వేస్తే ఒక పెద్దాయన తన మంచం అటు తిప్పెయ్యమన్నాడు, పాడె మీది పూలు గుర్తొస్తున్నాయట. ఇంకోచోట నీళ్లు జారే ఫౌంటెన్ పెడితే, ఆపరేషనైన వాళ్లంతా అరగంటకోసారి బాత్రూమ్ అంటున్నారని సిస్టర్లు నా మీదికొచ్చారు. అప్పట్నుంచి బంతి లేదు, ఫౌంటెనూ లేదు.

రెండేళ్ల కిందట రాజమండ్రిలో ఒక ఆసుపత్రి, పేరు రాయను, కాలిన రోగుల వార్డు వెనక పెరడు నాకిచ్చింది. పన్నెండడుగుల వెడల్పు, ఇరవై పొడవు. అందులో ఏం నాటాలో మాత్రం నేను నిర్ణయించలేదు. ఆ మొక్కని డాక్టర్ ఇందుశేఖర్ తెచ్చారు.

ఆయన రోగుల్ని చూసే డాక్టరు కాదు, మొక్కల్లోని రసాయనాల మీద పనిచేసే శాస్త్రవేత్త. బక్కగా ఉంటారు, ఎప్పుడూ ఏదో మర్చిపోయినట్టు జేబులు తడుముకుంటారు. మొదటిసారి తన ల్యాబ్‌కి పిలిచి నా ముందు ఐసు ముక్కలు వేసిన బకెట్ పెట్టారు.

"చెయ్యి పెట్టండి. ఇక వల్లకాదు అనిపించగానే తీసెయ్యండి."

నలభై సెకన్లకి తీసేశాను. తర్వాత ఒక గాజు గదిలో ఆరు కుండీల మధ్య కూర్చోబెట్టారు. చూస్తే దవనం. కనకాంబరాల మధ్య కట్టుకునే దవనమే, ఆకు కాస్త మందం, వాసన కాస్త తీపి. అరగంట పోయాక మళ్లీ బకెట్. ఈసారి పది నిమిషాలకి ఆయనే నా మణికట్టు పట్టుకుని బయటికి లాగారు. వేళ్లు తెల్లబడిపోయాయి.

"చల్లగా లేదా?"

"చల్లగానే ఉందండి. కాకపోతే ఆ చలి నాది కాదు, ఇంకెవరిదో అన్నట్టుంది."

ఆ మాట అలాగే పుస్తకంలో రాసుకున్నారు. దవనం వాసనలో ఒక కొత్త పదార్థం పుట్టేలా పదేళ్లు కష్టపడ్డారట. దాన్ని పీల్చినవాళ్లకి నొప్పి తెలుస్తూనే ఉంటుంది, దానికి ఉలిక్కిపడడం మాత్రం ఆగిపోతుంది. రోగి నలభై నిమిషాలు తోటలో కూర్చుంటే మూడు గంటలు పనిచేసి పోతుంది.

"విత్తనం కట్టదు. అందుకని మనకి తెలియకుండా ఎక్కడికీ పాకదు," అన్నారు ధీమాగా.

నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. విత్తనంతో పనిలేని మొక్కలు మా ఊళ్లో లక్షల్లో ఉంటాయి. ఆ సంగతి ఆయనకి చెప్పాల్సింది, చెప్పలేదు.

నియమాలు రెండే. తోటలో పని చేస్తున్నంతసేపూ బొగ్గు పొర ఉన్న మాస్కు పెట్టుకోవాలి. కత్తిరింపులన్నీ పసుపు సంచిలో వేసి, మూతి కట్టి, కాల్చడానికి పంపాలి. మాస్కు పెట్టుకుంటే ఆకు వాసన తెలియదు, ఆకు నలిపి వాసన చూడకుండా మొక్కకి ఏం జబ్బో చెప్పడం నాకు రాదు. వారంలోనే మాస్కు మేకుకెక్కింది. పసుపు సంచిని మాత్రం నెల రోజులు వాడాను.

ఆ నెలలోనే అప్పాయమ్మ వచ్చింది. బాణసంచా షెడ్డులో వీపంతా కాలిన మనిషి. కట్లు మార్చేటప్పుడు ఆమె పెట్టే కేకలకి సిస్టర్ సునంద చెవుల్లో దూది పెట్టుకుని పనిచేసేది. సునంద ఇరవై ఏళ్లుగా ఆ వార్డులోనే ఉంది. అప్పాయమ్మ వీపు ఆనించి కూర్చోలేదు కాబట్టి, ముందుకి వాలి గడ్డం ఆనించుకునే మెత్తటి బల్ల ఒకటి చేయించి తోటలో పెట్టాను. నలభై నిమిషాలు దవనంలోకి మొహం పెట్టి కూర్చుంది. తర్వాత గాజుగుడ్డ ఊడదీస్తుంటే వెనక్కి తిరిగి, "లాగండమ్మా, పర్లేదు లాగండి. మా మేకకి బొచ్చు గొరిగినట్టుంది," అంది.

సునంద పని పూర్తిచేసి, చేతులు కడుక్కుని, తోటలోకి వచ్చి కూర్చుని ఏడ్చింది. ఎందుకమ్మా అంటే, "చెవుల్లో దూది లేదండి ఇయ్యాల," అంది.

ఆ సాయంత్రం కత్తిరింపులు పసుపు సంచిలో వేయబోయి ఆగాను. ఇంత మంచి ఆకుని కాల్చి బూడిద చెయ్యడం ఏమిటనిపించింది. నా టిఫిను డబ్బా ఖాళీగా ఉంది.

ఇంటికెళ్లేసరికి అక్క నర్సరీ పాకలో జామ మొక్కలకి అంట్లు కడుతోంది. డబ్బా మూత తీసి వాసన చూసింది.

"ఏంటే ఇది, దవనమేనా?"

"మామూలుది కాదక్కా, డాక్టరుగారిది. అమ్మకూడదు. ఎవరికీ కొసరు కూడా ఇవ్వకూడదు. అసలైతే కాల్చెయ్యమన్నారు."

"కాల్చమంటే ఇంటికట్టుకొచ్చావా?"

"నువ్వయితే కాల్చేదానివా?"

అక్క అప్పటికే కింది ఆకులు గిల్లేస్తోంది. కాసేపటికి, "ఎవరికీ ఇవ్వన్లే, ఒట్టు," అంది.

ఒట్టు నిలబెట్టుకుంది. ఒక్క మొక్క గేటు దాటలేదు. ప్రతివారం నేను తెచ్చిన కొమ్మలన్నీ సంచుల్లో గుచ్చి, అంటు బల్లకి రెండు పక్కలా వరసలు పేర్చుకుంది. రోజుకి పది గంటలు ఆ వరసల మధ్యే కూర్చునేది. సెలవు రోజుల్లో నేనూ పక్కనే కూర్చునేదాన్ని. చిన్నప్పట్నుంచీ నాకు అంటుకత్తితో వేలు తెగడం మామూలే. తెగగానే అటు చూడకుండా చెయ్యి పక్కకి చాస్తే, అక్క తన చేతిలో ఉన్న, అంటుకి చుట్టే ప్లాస్టిక్ పట్టీతోనే వేలికి రెండు చుట్లు చుట్టి, "అంటు బతుకుద్దిలే," అనేది. ఆ మాట ఎన్ని వందలసార్లు విన్నానో చెప్పలేను.

పేరు కూడా ఆమే పెట్టింది, మొద్దాకు అని. "మోకాళ్లున్నాయన్న సంగతే మర్చిపోయానే," అని రెండో నెలలో నవ్వుతూ చెప్పింది. బావ పోయాక మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయానంది. నాకు సంతోషమేసింది. చివరిసారి నాకు సంతోషమేసింది అప్పుడేననుకుంటాను.

ఆ తర్వాత మా ఇంట్లో పోట్లాటలు ఆగిపోయాయి. అంత ప్రశాంతమైన ఇల్లు మా వీధిలోనే లేదు. అక్క నన్ను వేళాకోళం చెయ్యడం మానేసింది. మానేసిందని గమనించి నేనూ ఊరుకున్నాను. బావ తద్దినం వచ్చి వెళ్లిపోయింది. మర్చిపోయావా అక్కా అంటే, "గుర్తుందే. వండాలనిపించలా," అంది. ఒకసారి మరుగుతున్న కాఫీ నా చేతి మీద ఒలికితే, బొబ్బ లేచిన సంగతి మర్నాడు గాజులు తొడుక్కుంటున్నప్పుడు చూశాను. చూసి గాజులు రెండో చేతికి తొడుక్కున్నాను.

ఆషాఢం మామిడి అంట్లు కట్టే కాలం. ఆ మంగళవారం అక్క అన్నం ముట్టలేదు. బుధవారం పొద్దున పాక వెనక్కి వెళ్లి రెండుసార్లు వాంతి చేసుకుని, నోరు కడుక్కుని వచ్చి మళ్లీ బల్ల ముందు కూర్చుంది. మొహం పాలిపోయింది. పొట్ట బిగుసుకుపోయి చీర కుచ్చిళ్లు నిలబడడం లేదు. ఒళ్లు ముట్టుకుంటే కాలిపోతోంది.

"ఏమైందక్కా?"

"కడుపులో ఏదో అవుతుందే. అవుతుంటే అవనీ."

సరేనని బస్సెక్కాను. ఆసుపత్రికి వెళ్లి తోటకి నీళ్లు పెట్టాను, అప్పాయమ్మ బల్లకి వదులైన మేకు బిగించాను. పక్క భవనంలో మొదటి అంతస్తులో కడుపు డాక్టర్లు కూర్చుంటారు. వాళ్ల కిటికీ కింద నుంచే వెళ్లాను, వచ్చేటప్పుడూ ఆ కిటికీ కింద నుంచే వచ్చాను. భయం కూడా నొప్పి జాతిదేనని నాకప్పటికి తెలియదు. అక్క ఒంట్లో నొప్పి అరవలేదు, నా ఒంట్లో భయం అరవలేదు.

గురువారం మధ్యాహ్నం అక్క స్తంభానికి ఆనుకుని, చేతిలో కత్తి అలాగే పట్టుకుని ఉంది, పిలిస్తే పలకలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు బయటికొచ్చి, "అపెండిక్స్ పగిలి రెండు రోజులైంది. ఇంత నొప్పి ఎలా ఓర్చుకున్నారు ఆవిడ?" అన్నాడు. నాకు జవాబు తెలుసు. ఆయనకి చెప్పలేదు. శుక్రవారం ఉదయం పదింటికి అక్క పోయింది.

అందరూ వచ్చారు. అందరూ ఏడ్చారు. నేను కుర్చీలు వేయించాను, మంచినీళ్లు అందించాను, పూలు తెచ్చినవాడితో బంతి వద్దు చామంతి తెమ్మని చెప్పాను. మా మేనత్త సత్తెమ్మ అందరూ వినేలాగే అంది.

"తోడబుట్టింది పోతే కంట్లో చుక్క లేదు దీనికి. ఎలాంటి మనిషే నువ్వు?"

ఆమె అన్నది నిజమే. ఎలాంటి మనిషినో నాకూ అర్థం కాలేదు. ఎండకి వచ్చిందని ఆమెకి మజ్జిగ ఇచ్చాను.

నాలుగో రోజు ఇందుశేఖర్ గారి ల్యాబ్‌కి వెళ్లి, టిఫిను డబ్బా దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆయన ఎప్పుడూ మాస్కు తీసే మనిషి కాదు. మాస్కు మీద కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఎన్ని మొక్కలున్నాయి ఇంట్లో?"

"నూట పన్నెండు."

"ఎవరికైనా ఇచ్చారా?"

"లేదండి. అక్క ఒట్టేసింది. ఒక్కటి కూడా ఇవ్వలేదు."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి ఏడ్చారు. మా అక్కని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. నేను ఎదురుగా కూర్చుని, మా అక్క కోసం ఆయన ఏడుస్తున్నారు అనుకుంటూ చూశాను. ఆయన పూర్తయ్యేదాకా ఆగాను.

తర్వాత నా రక్తం తీసి చూశారు. రోగులకి మూడు గంటల్లో పోయేది, నాకు ఒంట్లో కొవ్వులోకి చేరి పేరుకుపోయిందట. మొక్కకి దూరంగా ఉంటే నలభై రోజులు పట్టొచ్చన్నారు.

"పోయాక ఏమవుతుందండి?"

"మీరు పట్టించుకోకుండా దాటేసినవన్నీ ఎక్కడికీ పోలేదు కదండీ. ఉన్నాయి. అవన్నీ ఒకేసారి వస్తాయి."

"దూరంగా ఉండకపోతే?"

"ఇలాగే ఉంటారు."

"ఇలా ఉండడంలో నాకు కష్టమేమీ లేదండి."

"అదేనండి మీ జబ్బు," అన్నారు. కళ్లజోడు తుడుచుకుంటూ, "మీ స్థానంలో నేనుంటే బయటికి వద్దామనుకుంటానో లేదో నాకు తెలియదు. మీ చేత్తో మీరే తెచ్చారు కదా ఆ కొమ్మలు," అన్నారు. అది నింద కాదు. నాకోసం ఏం కాచుకుని ఉందో చెప్పడం.

నేను రెండు రోజులు నిర్ణయించుకోలేదు. మూడో రోజు ఫోన్లో పాత మెసేజీలు చెరిపేస్తుంటే అక్క గొంతు వచ్చింది. "జామ అంట్లు ముప్పై బండికెక్కించేశానే. నువ్వొచ్చేటప్పుడు పచ్చిమిరగాయలు తే." మళ్లీ వేసుకుని విన్నాను. ఎవరో నర్సరీ ఆవిడ మాట్లాడుతున్నట్టుంది. మాటలన్నీ గుర్తున్నాయి, మనిషి గుర్తుంది, నాకేమవుతుందో మాత్రం తెలియడం లేదు. ఇలాగే ఇంకో ఏడాది గడిస్తే మా అక్క నాకు ఎవరో నర్సరీ ఆవిడ అయిపోతుందని తేలింది. ఏడుపు రాలేదు, భయమూ వెయ్యలేదు. అది జరగకూడదని మాత్రం తెలిసింది.

ఇందుశేఖర్ గారు తోట మూసేద్దామన్నారు. సిస్టర్ సునంద వార్డు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"రేపు పొద్దున పదకొండు మందికి కట్లు మార్చాలి నేను. తోట మూసేస్తే ఆ కేకలు మీరొచ్చి వింటారా సార్?"

ఆయన జేబులు తడుముకున్నారు. నా దగ్గర కొలతలున్నాయి. మాస్కు పెట్టుకుని, మేకుకి వేలాడుతున్నదాన్నే దుమ్ము దులిపి మరీ పెట్టుకుని, నాలుగు రోజులు కూర్చుని కొత్త నమూనా గీశాను. మొక్కలన్నీ అద్దాల గదిలోకి వెళ్లాయి. కట్లు మార్చడానికి ముందు నలభై నిమిషాలు మాత్రమే ఫ్యాను ఆ గాలిని రోగి వైపు తోస్తుంది. బయట మామూలు మరువం, తులసి, నందివర్ధనం. కత్తిరింపు పని వారానికొకరు, పక్కన చూస్తూ ఇంకొకరు. చివర్న నా చేత్తో ఒక నియమం రాశాను: నర్సరీ కుటుంబాల వాళ్లని ఈ పనికి పెట్టకూడదు.

సునంద అది చదివి నా వైపు చూసింది. నా భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి బరువు తెలిసింది.

ఇంట్లో నూట పన్నెండు మొక్కలూ పీకడానికి ఒక పూట పట్టింది. పసుపు సంచులు ఆసుపత్రి నుంచే తెచ్చుకున్నాను. మాస్కు పెట్టుకుని, వరస తర్వాత వరస, వేళ్లతో సహా పీకి కుక్కాను. మధ్యలో చూసుకుంటే నా చెయ్యి దానంతటదే ఒక కొమ్మకి కింది ఆకులు గిల్లేసి ఉంది. అక్క కూర్చునే చోట రెండు వైపులా సంచుల గుండ్రటి మరకలు నేల మీద మిగిలాయి. ఆకులు గిల్లిన ఆ కొమ్మని కూడా సంచిలో వేసి మూతి కట్టాను. మా ఇంట్లోంచి బయటికి పారేసిన మొదటి కొమ్మలవి.

అప్పట్నుంచి రోజూ పొద్దున చేపలమ్మే వాళ్ల దగ్గర ఐసు తెచ్చుకుని, బకెట్లో వేసుకుని చెయ్యి పెట్టేదాన్ని. ఎనిమిదింటికి డాక్టరుగారు ఫోన్ చేసేవారు.

"ఎంతండి ఇవాళ?"

"తొమ్మిది నిమిషాలు."

"సరేనండి."

పన్నెండో రోజుకి ఎనిమిది. ఇరవయ్యో రోజుకి ఐదున్నర. ముప్పయ్యో రోజుకి మూడు. అంతకుమించి మేం మాట్లాడుకున్నది లేదు. పెద్దకర్మ అయిపోయింది, బంధువులు వెళ్లిపోయారు, సత్తెమ్మత్త వెళ్తూ నాతో మాట్లాడలేదు. నేను వేళకి తిన్నాను, వేళకి పడుకున్నాను. అక్క చెప్పులు గుమ్మం పక్కనే ఉంటే రోజూ దాటుకుంటూ తిరిగాను.

ముప్పై ఎనిమిదో రోజు ఐసు తెచ్చుకోలేదు. అక్క సగంలో వదిలేసిన కొత్తపల్లి కొబ్బరి మామిడి అంట్లు ఇంకా నూటయాభై కట్టాలి. ఇంకో వారం పోతే కొమ్మలు ముదిరిపోయి దేనికీ పనికిరావు. మేలుకోగానే పాకలోకి వెళ్లి కూర్చున్నాను. అక్క కత్తి, అక్క పట్టీల చుట్ట, అన్నీ అక్కడే ఉన్నాయి. ఒకటి కట్టాను. రెండోది కట్టాను. ఏడోదో ఎనిమిదోదో చెక్కుతుంటే కత్తి జారింది.

చురుక్కుమంది.

చెయ్యి దానంతటదే పక్కకి వెళ్లింది. అటు చూడకుండానే, "అక్కా," అన్నాను.

చెయ్యి అలాగే చాచి ఉంచాను. ఎవరూ పట్టీ చుట్టలేదు. ఎవరూ అంటు బతుకుద్దిలే అనలేదు. రక్తం అరచేతిలోకి దిగి, మణికట్టు మీదుగా మోచేతి దాకా వచ్చింది. నొప్పి ముందు వేలికి వచ్చింది. తర్వాత ఆ బుధవారం వచ్చింది. బిగుసుకున్న పొట్ట, జారిపోతున్న కుచ్చిళ్లు, సరేనని నేనెక్కిన బస్సు, కడుపు డాక్టర్ల కిటికీ కింద నేను రెండుసార్లు నడిచిన దారి. టిఫిను డబ్బా మూత తీసి వాసన చూస్తున్న మా అక్క మొహం.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది. రక్తం చేత్తోనే ఎత్తాను.

"ఎంతండి ఇవాళ?"

చెప్పడానికి నాకు నోరు రాలేదు. వస్తున్నది మాట కాదు. డాక్టరుగారు మళ్లీ అడగలేదు, ఫోనూ పెట్టెయ్యలేదు. నేను ఆపేదాకా అవతల వింటూనే ఉన్నారు.